మార్గరెట్ కజిన్సు

గౌతమీ తీరమున వాడపల్లి యను గ్రామము కలదు. శనివారములందు వేంకటేశ్వరస్వామి కోవెలకు వచ్చు యాత్రికులతో ఆ యూరు కిటకిటలాడుచుండును. తక్కిన దినములందు ఏటిగట్టున నడచిపోవు బాటసారికి బడిపిల్లలు జాతీయగీతము పాడు ధ్వని దూరమునుండియే వినవచ్చును. కోనసీమలోని పిల్లలు పాడినను, కాశ్మీరమందలి పిల్లలు పాడినను ఆ పాటకు వరుస ఒక్కటే, నడక ఒక్కటే. ఏబది రెండు క్షణములలో ఆ గీతము ముగియవలెనని నియమము. పాట ముగిసిన పిదప పిల్లలు తరగతులకు పరుగెత్తుదురే కాని, ఈ పాట మన తెలుగుదేశమున ఒకనాడు ఏమి రూపము దాల్చినదో, ఆ పనిలో ఎవరి చేయి ఉన్నదో ఆలోచించువారు అరుదు. ఆ చేయి ఒక ఐరిష్ వనితది. ఆమె చరిత్రమే ఈ పాఠము.

ఐర్లండు ఇంగ్లండునకు పడమట నున్న ఒక చిన్న ద్వీపము. మన దేశమువలెనే అదియు చిరకాలము ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను. ఆ ద్వీపమున రాస్‌కామన్ మండలమందలి బాయిల్ అను పట్టణమున 1878వ సంవత్సరము నవంబరు 7వ తేదీన మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ జన్మించెను. వారిది ప్రొటెస్టెంటు క్రైస్తవ కుటుంబము. పలువురు సంతానము గల ఆ యింట మార్గరెట్టే జ్యేష్ఠురాలు. పెద్ద కుటుంబమున తొలి బిడ్డగా పుట్టిన ఆడపిల్లకు తమ్ములను చెల్లెండ్రను ఎత్తుకొనుట, తల్లికి చేదోడుగా నుండుట తప్పదు గదా! ఆ పనుల నడుమనే ఆమెకు సంగీతముపై ప్రీతి కలిగెను. చదువులో చూపిన చురుకుదనము వలన ఆమె డబ్లిను నగరమునకు పోయి, 1902లో ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయమునుండి సంగీతమున పట్టభద్రురాలయ్యెను. ఆ దినములలో స్త్రీలు పట్టము పుచ్చుకొనుటయే ఒక వింత.

ఆమె నేర్చిన సంగీతమును గూర్చి రెండు మాటలు చెప్పక ముందుకు సాగరాదు. మన సంగీతమును గురువు పాడగా శిష్యుడు విని నేర్చుకొనును. ఒక్కని గొంతుననే రాగము విస్తరించును. ఐరోపావారి పద్ధతి వేరు. అక్కడ పలువురు కలసి పాడుట ఒక మహావిద్యగా పెరిగినది. స్త్రీలలో సన్నని గొంతుకలవారు ఒక వరుసను, లోతైన గొంతుకలవారు ఒక వరుసను, పురుషులలో అట్లే రెండు తెగలవారు రెండు వరుసలను ఏకకాలమున పాడుచుండగా ఆ నాలుగును ఒకదానితో నొకటి పొందికగా కలియును. నూరుమంది పాడు పాటను నూరుమంది చెవితో విని నేర్చుట కష్టము. అందువలన వారు అయిదు గీతలు గీసి, ఆ గీతలపైనను నడుమ ఖాళీలయందును చుక్కలవంటి గుర్తులు వ్రాసి, ఏ స్వరము ఎంత యెత్తున ఎంతసేపు పాడవలెనో తెలుపు లిపిని ఏర్పరచుకొనిరి. ఆ లిపి చదువనేర్చినవాడు తాను ఎన్నడును వినని పాటనుగూడ పాడగలడు.

కవులు వ్రాసిన కావ్యములను ఇట్టి బృందగానములకు ఎత్తుట ఇంగ్లండున ఎంతకాలమునుండియో కలదు. డ్రైడెన్ కవి కృతికి 1736లో హాండెలును, మిల్టను కవి పద్యమునకు 1887లో హ్యూబర్టు ప్యారీయు, న్యూమను వ్రాసిన దీర్ఘకావ్యమునకు 1900లో ఎల్గారును సంగీతము కూర్చిరి. మార్గరెట్ విద్యార్థినిగా నున్న కాలమున ఈ గానములు ఆ దేశములందు మారుమ్రోగుచుండెను. పాట యనగా పదిమంది కలసి పాడునది యను భావము ఆమెకు అట్లు చిన్ననాడే నాటుకొనెను.

1903లో ఆమె జేమ్సు కజిన్సు అను యువకవిని వివాహమాడెను. ఆయన బెల్‌ఫాస్టువాడు. యేట్సు మొదలగు ఐరిష్ కవులతో చెలిమి గలవాడు. ఇరువురును మాంసాహారమును విడిచిరి. దివ్యజ్ఞాన సమాజము వారి బోధలవైపు ఇరువురి మనసులును మొగ్గెను. కాని పండితగోష్ఠులతో తృప్తి చెందునది కాదు మార్గరెట్ స్వభావము. ఐర్లండునందు గాని ఇంగ్లండునందు గాని పార్లమెంటుకు సభ్యులను ఎన్నుకొను హక్కు అప్పటికి స్త్రీలకు లేదు. ఎంత చదివినను, ఎంత పన్ను కట్టినను వారికి ఓటు లేదు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టను మున్నగు వారితో కూడి ఆమె ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘమును స్థాపించి, దానికి కోశాధికారిణి యయ్యెను.

1910 నవంబరులో ఆమె తోడి స్త్రీలతో లండనుకు పోయెను. వారి మొరను మంత్రులు వినరైరి. స్త్రీలు పార్లమెంటునకు ఊరేగింపుగా పోగా రక్షకభటులు త్రోసివేసిరి. అంతట వారు మంత్రుల ఇండ్ల కిటికీల అద్దములను పగులగొట్టిరి. మార్గరెట్ పట్టువడి ఒక మాసము హాలోవే కారాగారమున శిక్ష అనుభవించెను. 1913 జనవరిలో ఐర్లండు స్వపరిపాలన బిల్లున స్త్రీలకు ఓటు చేర్పకుండుటకు నిరసనగా డబ్లిను కోట కిటికీలను పగులగొట్టి, మరల ఒక మాసము శిక్ష పొంది, టలమోరు చెరసాలకు పోయెను. అచ్చట తమ్ము దొంగలవలె గాక రాజకీయ ఖైదీలుగా చూడవలెనని కోరి, తోడి స్త్రీలతో కలసి అన్నము మానెను. అధికారులు దిగివచ్చిరి. అద్దములు పగులగొట్టుటను నేను బడిపిల్లలకు మెచ్చి చెప్పజాలను. ఆమెయు దానిని వేడుకకు చేయలేదు. పియానో మీటలపై నడయాడవలసిన వ్రేళ్లు రాయి పట్టుకొనవలసి వచ్చుట ఆమెకు సుఖము కాదు. అడుగగా అడుగగా తలుపు తెరువనివారి కిటికీని తట్టుట యొక్కటే మిగిలినదని ఆమె తలంచెను.

ఆ పోరాటమునందును పాట ఉండెను. ఎథెల్ స్మిత్ అను విదుషీమణి స్త్రీల నడకకు తగిన బృందగీతమును కూర్చెను. 1912లో ఆమెయు హాలోవే చెరలో నుండి, క్రింది ముంగిట ఖైదీలు ఆ పాట పాడుచుండగా కిటికీనుండి పండ్లకుంచెతో తాళము చూపెనట! బ్లేకు కవి పద్యమునకు 1916లో ప్యారీ కూర్చిన గానము 1918లో ఓటుహక్కు పొందిన స్త్రీల సభలో మ్రోగి, వారి పాటగా నిలిచెను. అప్పటికి మార్గరెట్ ఆ దేశములలో లేదు. ఆమె సముద్రములు దాటి మన దేశమునకు వచ్చియుండెను.

అనిబిసెంటమ్మ పిలుపు నందుకొని 1915లో కజిన్సు దంపతులు మద్రాసు చేరిరి. జేమ్సు ఆమె నడుపుచున్న న్యూ ఇండియా పత్రికలో పనిచేయసాగెను. 1916 వసంతమున డబ్లిను నగరమున తిరుగుబాటు చెలరేగెను. దాని నాయకులను ఆంగ్ల ప్రభుత్వము కాల్చి చంపెను. వారిలో కవులును ఉండిరి. తన దేశపు వీరులను మెచ్చుచు జేమ్సు పత్రికలో వ్రాసెను. యుద్ధకాలమగుటచే అది ప్రభుత్వమునకు కంటగింపయ్యెను. బిసెంటమ్మ ఆయనను పత్రికనుండి తొలగింపక తప్పలేదు. అయినను ఆమె వారిని నడివీధిని విడువలేదు. మదనపల్లెలో తాను నెలకొల్పిన క్రొత్త కళాశాలకు జేమ్సును ఉపాధ్యక్షునిగా పంపెను. ఆ కొలువు పోకున్నచో కజిన్సు దంపతులు మదనపల్లె ముఖము చూచియుందురో లేదో!

మదనపల్లె నాడు చిత్తూరు జిల్లాలోనిది. మెరకసీమ యగుటచే అచ్చట గాలి చల్లన. దాపుననే హార్సిలీ కొండలు. మార్గరెట్ కళాశాలలో ఇంగ్లీషు బోధించుచు, విద్యార్థులను చేరదీసి సంగీతము నేర్పుచుండెను. వారమున కొకనాటి సాయంకాలము ఉపాధ్యాయులు విద్యార్థులు ఒకచోట గూడి పాటలతో వినోదముతో ప్రొద్దుపుచ్చుట అచ్చటి ఆచారము.

1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ సంచారము చేయుచు రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు విచ్చేసిరి. ఆయనకు నోబెల్ బహుమానము వచ్చి అప్పటికి ఆరేండ్లు కాలేదు. ప్రయాణములచే అలసిన ఆ మహాకవి కళాశాలలో కొన్ని దినములు విశ్రమించిరి. ఆ స్థలము ఆయన మనసునకు ఎంత నచ్చెననగా, దానిని దక్షిణాది శాంతినికేతనమని పిలిచిరని చెప్పుదురు. వారపు గోష్ఠి నాటి సాయంకాలము విద్యార్థులు పాటలు పాడిన పిమ్మట, తానును ఒకటి పాడవచ్చునా యని కవి అడిగిరి. వలదనువారెవరు? ఆయన ఎత్తుకొన్న పాట జనగణమన.

ఆ పాట అప్పటికి క్రొత్తది కాదు. 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో దానిని మొదట పాడిరి. దానికి అయిదు చరణములు. కాని దక్షిణమున దానిని ఎరిగినవారు కొద్దిమంది. అంతటి నిండు విగ్రహమునుండి అంత సన్నని మృదువైన గొంతు వెలువడుట సభలోనివారికి ఆశ్చర్యము గొలిపెనట. మొదట సీమల పేళ్లు, కొండల పేళ్లు, నదుల పేళ్లు వినబడి భూగోళ పాఠమువలె తోచినది. అటుపై చరణమున మతముల పేళ్లు. కాని ప్రతి చరణము చివరను వచ్చు జయఘోష వారి చెవులను నిక్కబొడిచినది. రెండవసారి అది వచ్చునప్పటికి గొంతులు సవరించుకొనిరి. మరల పాడుడని అడిగిరి. తుదకు సభ యంతయు కవితో గొంతు కలిపినది. వంగభాష తెలియని రాయలసీమ బాలురు ఆ పాటను ఒక్క సాయంకాలముననే తమదిగా చేసికొనిరి.

మరునాడు పాట యర్థమేమని పలువురు అడుగసాగిరి. కవి దానిని స్వహస్తముతో ఇంగ్లీషులోనికి అనువదించి, భారతదేశ ప్రభాతగీతమను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ వ్రాతపై 1919 ఫిబ్రవరి 28వ తేదీ కలదు.

ఇక మార్గరెట్ పని. ఒక్కరి గొంతున వచ్చి పోయిన పాటను పదిమంది గొంతులలో నిలుపుట యెట్లో ఆమెకు తెలియును. కవి పాడిన వరుసను విని, స్వరము స్వరమును పట్టుకొని, ఆమె దానిని అయిదు గీతల లిపిలోనికి ఎక్కించెను. ఇది తేలికగా చెప్పినంత తేలిక కాదు. మన గాయకుడు ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారును, ఊగును. ఐరోపా లిపి ఆ జారుడును పట్టజాలదు. కాని ఈ పాటకు రెండు గుణములు తోడ్పడినవి. దీనిలో గమకములు తక్కువ. దీని స్వరములు మన శంకరాభరణమునకు చాల దగ్గరివి. శంకరాభరణపు ఏడు స్వరములు ఐరోపావారి మేజరు స్వరశ్రేణియు ఒక్కటే గదా! విద్యార్థులచే కొంతసేపు మెల్లగాను, కొంతసేపు వడిగాను పాడించి ఆమె నడకను సరిచూచెననియు, కవి విని సమ్మతించిరనియు చెప్పుదురు.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలెను. జనగణమనకు వరుస కట్టినది మార్గరెట్టే యని కొందరు వేదికలపై చెప్పుచుందురు. అది సరికాదు. వరుస రవీంద్రులదే. మదనపల్లెకు ఏడేండ్లకు ముందే అది కలకత్తాలో వినబడినది. మార్గరెట్ చేసినది ఆ వరుసను ఐరోపా లిపిలో నిలుపుట. ఆ పని చిన్నది యనుకొనరాదు. దేశవిదేశముల వాద్యబృందములు ఆ లిపినే చదివి వాయించును. అయితే లేని కీర్తిని కట్టబెట్టుటవలన ఉన్న కీర్తికి చేటు కలుగును. కళాశాల ఆ గీతమును తన ప్రార్థనగీతముగా స్వీకరించెను. 1937లో జాతీయగీతమును గూర్చి దేశమున వాదములు రేగినప్పుడు జేమ్సు కజిన్సు ఈ పాటయే తగినదని బాహాటముగా ప్రకటించెను.

ఓటుకొరకు చెరసాలకు పోయిన ఆమె మన దేశమున ఊరకుండునా? 1917లో బిసెంటమ్మ, డొరతీ జినరాజదాసమ్మలతో కలసి అడయారున భారత మహిళా సంఘమును స్థాపించి, స్త్రీధర్మ యను పత్రికను నడిపెను. ఆ సంవత్సరముననే భారత కార్యదర్శి మాంటేగు మద్రాసునకు వచ్చెను. స్త్రీవిద్యను గూర్చి విన్నపము చేసికొందుమని ఆమె లేఖ వ్రాయగా, రాజకీయ విషయమైననే దర్శనమిత్తుమని బదులు వచ్చెను. ఆమె నవ్వుకొనియుండును. విన్నపమున స్త్రీలకు ఓటు అను కోరికను చేర్చెను. డిసెంబరు 18వ తేదీన సరోజినీనాయుడు ముందు నడువగా స్త్రీల రాయబారము మాంటేగును దర్శించెను. తెరచాటున ఆ పత్రమును వ్రాసినది మార్గరెట్. తాను విదేశీయురాలు గనుక ముందు నిలువవలసినది ఈ దేశపు స్త్రీలే యని ఆమె నియమము. ఆంగ్ల పార్లమెంటు ఆ నిర్ణయమును ఇచ్చటి శాసనసభలకే విడిచిపెట్టెను. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటుహక్కు నిచ్చెను. ఆస్తి గలవారికే ఓటు గనుక ఆ హక్కు పొందిన స్త్రీలు కొద్దిమందియే. అయినను బ్రిటిషిండియాలో ముందడుగు వేసినది మద్రాసే.

నడుమ 1919-20లో ఆమె మంగళూరున జాతీయ బాలికా పాఠశాలకు అధిపతిగా పనిచేసెను. 1922లో ఆమెను మేజిస్ట్రేటుగా నియమించిరి. ఈ దేశమున ఆ యాసనమున కూర్చుండిన స్త్రీలలో ఆమెయే మొదటిది. రెండుసార్లు నేరస్థురాలుగా బోను నెక్కిన స్త్రీ తీర్పు చెప్పు కుర్చీ నెక్కుట చూడుడు! 1926 ఎన్నికలలో కమలాదేవి చటోపాధ్యాయను పోటీకి పురికొల్పినది ఆమెయే. కమలాదేవి కొద్దిలో ఓడిపోయెను. 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా మహాసభ తొలిసారి కూడుటకు మార్గరెట్ పిలుపే కారణము. పదేండ్ల వరకు ఆమె దానికి అధ్యక్షత వహింపలేదు. 1936లో ఆ పదవి ఆమెను వరించెను.

1932లో ప్రభుత్వము అత్యవసర శాసనములు చేసి సభలను, ప్రసంగములను అణచివేయుచుండెను. డిసెంబరులో మార్గరెట్ మద్రాసున బహిరంగముగా ఆ శాసనములను ఖండించుచు మాటలాడెను. ఆమెకు వయసు ఏబదినాలుగు. తెల్లజాతి స్త్రీ, మేజిస్ట్రేటుగా నుండినది. ఊరకున్నచో ఎవరును వేలెత్తి చూపరు. మంచి నడవడికి జామీను ఇచ్చినను సరిపోయెడిది. ఆమె ఈయలేదు. ఒక సంవత్సరము శిక్ష విధించి వేలూరు స్త్రీల చెరసాలకు పంపిరి. ఇంగ్లండున ఒకటి, ఐర్లండున ఒకటి, ఇండియాలో ఒకటి: మూడు దేశములలోను ఆమె చెరను చూచినది. విడుదలయైన తరువాత మరల సంగీతమువైపు తిరిగి, తూర్పు పడమరల సంగీతములను పోల్చి 1935లో ఒక గ్రంథమును ప్రకటించెను.

1944 ప్రాంతమున ఆమెకు పక్షవాతము వచ్చెను. స్వరములు వ్రాసిన చేయి, పియానో వాయించిన చేయి కదలదయ్యెను. ఆ స్థితిలో దాదాపు పదేండ్లు గడచినవి. దంపతులు ధనము కూడబెట్టినవారు కారు. మద్రాసు ప్రభుత్వమును, పిమ్మట జవహర్లాల్ నెహ్రూయు ఆమె సేవను తలచి ధనసహాయము చేసిరి. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగసభ జనగణమనను జాతీయగీతముగా ప్రకటించినప్పుడు ఆమె మంచముపైననే ఉండెను. ఆ సంవత్సరముననే భార్యాభర్తలు కలసి వ్రాసిన ఆత్మకథ మద్రాసున అచ్చయ్యెను. ఒక అధ్యాయము ఆయనది, ఒక అధ్యాయము ఆమెది యన్నట్లు ఇరువురి గొంతులును అందు మారి మారి వినబడును.

1954 మార్చి 11వ తేదీన మార్గరెట్ కజిన్సు కన్నుమూసెను. జేమ్సు మరి రెండేండ్లు జీవించి, 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలో తనువు చాలించెను.